జాగ్రత్త సారు ఎత్తని ఫోను

ఫ్యాక్టరీలో అందరూ ఆయన్ని జాగ్రత్త సారు అనేవాళ్ళు. సేఫ్టీ ఆఫీసరు మరి. ఎదురుపడ్డ ప్రతివాణ్ణీ ఆపి హెల్మెట్ ఏదీ, గ్లౌజులేవీ అని నిలదీయడం ఆయన ఉద్యోగం. ఇంటికొచ్చినా ఆ నోటికి సెలవుండేది కాదు. గ్యాసు ఎలా కట్టేయాలో, తడి మెట్లు ఎలా దిగాలో భార్యకు పాఠం చెప్పేవాడు.

ఆవిడ ఒక లాయరు దగ్గర టైపిస్టు. పగలంతా ఒకాయన చెప్తుంటే కొట్టడం, సాయంత్రం ఇంకొకాయన చెప్తుంటే వినడం. కాపురానికొచ్చిన కొత్తలో నిజంగానే వినేది. తర్వాత తల మాత్రం ఊపేది. ఆయన జాగ్రత్తలన్నీ మాటల వరకేనని కనిపెట్టడానికి ఆవిడకు ఎంతో కాలం పట్టలేదు. బల్బు మార్చాలంటే నిచ్చెన ఎక్కేది ఆవిడ, కింద పట్టుకునేది ఆయన. "పట్టుకోవడమేనోయ్ అసలు పని" అనేవాడు. ఆవిడ నవ్వేది కూడా కాదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆకాశం ఉన్నట్టుండి నల్లబడింది. దూరంగా ఉరుము వినపడగానే ఆవిడ లేచి, కిటికీ పక్క స్టూలు మీదున్న ఫోను తీగ గోడలోంచి లాగేసింది. అది పాతకాలపు తీగ ఫోను. చెల్లెలు ఆసుపత్రిలో నొప్పులు పడుతోంది. ఏ క్షణాన్నైనా కబురు రావచ్చు. అయినా ఉరుములు తగ్గాక తనే చేసి కనుక్కోవచ్చు అనుకుంది.

"ఏమిటా పిరికితనం?" అన్నాడాయన పేపరు మడుస్తూ. "పిడుగు తీగలోంచి పాక్కుంటూ వచ్చి నీ చెవిలో దూరుతుందా?"

"దూరుతుందనే అంటారండీ. బయట లైను మీద పడితే చాలట."

"అంటారు, అంటారు! ఎవరంటారు? సేఫ్టీ ఆఫీసర్ని నేనా, నువ్వా?" అంటూ లేచి తీగ మళ్ళీ గుచ్చి, ఘనకార్యం చేసినట్టు చేతులు దులుపుకున్నాడు.

వాన దంచికొట్టడం మొదలైంది. ఇంటి మీదే పడ్డట్టు ఒక ఉరుము ఉరిమింది. జాగ్రత్త సారు రెండు కాళ్ళూ సోఫా మీదికి లాక్కున్నాడు. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. స్టూలు ఆయన చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో ఉంది. చెయ్యి సగం దాకా వెళ్ళి, కాలినట్టు వెనక్కొచ్చింది.

"నువ్వు ఎత్తు. మీ చెల్లెలి గురించేమో" అన్నాడు.

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. భయపడటం తప్పు కాదు, పిడుగంటే ఎవరికైనా భయమే. ఆ భయాన్ని పక్కవాళ్ళ చేతికి అందించడం చూస్తే మాత్రం ఆవిడకు ఒళ్ళు మండింది. కానీ అవతల చెల్లెలు. రిసీవరు ఎత్తి ఎడమ చెవికి ఆనించి "హలో" అంది.

గదంతా తెల్లగా మెరిసింది. చెవిలో టపాకాయ పేలినట్టయింది. రిసీవరు ఎగిరి గోడకు కొట్టుకుంది. ఆవిడ నేల మీద పడిపోయింది.

ఆవిడ పెట్టిన అరుపు విని పక్కింటావిడ పరుగెత్తుకొచ్చేసరికి జాగ్రత్త సారు ఇంకా సోఫా మీదే ఉన్నాడు.

"ముట్టుకోకండి! ఒంట్లో కరెంటుంటుంది!" అని అరిచాడు.

"మీ కరెంటు తగలెయ్య!" అని ఆవిణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుంది పక్కింటావిడ. ఆసుపత్రికి తీసుకెళ్ళిందీ ఆ మనిషే. చెంప మీద, అరచేతిలో కాలిన గాయాలు మానిపోయాయి. ఎడమ చెవి మాత్రం పోయింది. ఇంతకీ ఆ ఫోను చెల్లెలి గురించి కాదు. పక్క వీధిలో ఉండే ఆడపడుచు, మేడ మీది బట్టలు తీశారా అని అడగడానికి చేసింది.

ఆసుపత్రి మంచం మీద పడుకుని, బాగున్న చెవితో ఆవిడ భర్త మాటలు వింటూ ఉండేది. మొదటిరోజు చూడ్డానికొచ్చిన వాళ్ళతో "మా ఇంట్లో పిడుగు పడింది" అన్నాడు. తర్వాత వచ్చినవాళ్ళతో "మాకు తగిలింది" అన్నాడు. ఆవిడ ఇంటికొచ్చేసరికి అది "నాకు తగిలింది" అయి కూర్చుంది. ఆడపడుచు కూడా "మా తమ్ముడి ఆయుష్షు గట్టిది" అంటూ వంత పాడింది. ఎందుకులే, నోరు పారేసుకోవడం దండగ అని ఆవిడ ఊరుకుంది.

కొన్నాళ్ళకు ఫ్యాక్టరీలో భద్రతా వారం పెట్టి, ఉద్యోగుల ఇంటివాళ్ళను కూడా పిలిచారు. జాగ్రత్త సారు మైకు పట్టుకుని ఊగిపోయాడు. "ఉరుము వినపడిందా, తీగ ఫోను ముట్టుకోవద్దు! తీగ లేని ఫోనైతే ఫరవాలేదు. సెల్లు కూడా ఫరవాలేదు, ఛార్జింగులో మాత్రం ఉండకూడదు. ఇది పుస్తకంలో చదివి చెప్పడం లేదు. ఒంటి మీద పడ్డవాణ్ణి చెప్తున్నాను!" చప్పట్లు మోగాయి.

ముందు వరసలో ఆవిడకు ఎడమ పక్కన ఫ్యాక్టరీ డాక్టరమ్మ కూర్చుంది. ఏదో అడిగింది. ఆవిడకు వినపడలేదు. భుజం తట్టాక అటు తిరిగింది.

"చెవి ఎప్పట్నుంచమ్మా ఇలా?"

"ఆ పిడుగు తగిలినప్పట్నుంచే."

"మరి తగిలింది సారుకి కదా?"

"ఆయనకెందుకు తగుల్తుంది? ఆయన సోఫా మీదున్నారు."

గొంతు పెద్దదైపోయింది. ఒక చెవి పోయినవాళ్ళకు తమ గొంతు ఎంత పెరిగిందో తెలియదు. వెనక వరసల్లో ముందు కిసుక్కుమన్నారు, ఆ తర్వాత హాలంతా గొల్లుమంది. డాక్టరమ్మ వదల్లేదు. ఆవిణ్ణి వేదిక మీదికి తీసుకెళ్ళి అక్కడ మళ్ళీ చెప్పించింది. ఆవిడ దేన్నీ దాచలేదు, దేనికీ రంగులద్దలేదు. తనను ముట్టుకోవద్దని ఆయన అరిచిన సంగతి కూడా చెప్పింది.

"పిడుగు తగిలిన మనిషి ఒంట్లో కరెంటు నిలవుండదు" అంది డాక్టరమ్మ, జాగ్రత్త సారు వైపు చూడకుండా. "వెంటనే పట్టుకోవచ్చు. పట్టుకోవాలి కూడా."

బస్సులో ఇంటికొస్తుంటే ఆయన గొణిగాడు: "పరువు తీశావు. మొగుడూ పెళ్ళాలం, నీకు తగిలితే నాకు తగిలినట్టు కాదా?"

"అలాగైతే మందులు కూడా మీరే వేసుకోవాల్సింది" అని ఆవిడ కిటికీ వైపు తిరిగింది.

విడిపోలేదు. ఆ మనిషి మీద అంత శ్రమ పెట్టడం కూడా ఆవిడకు ఎక్కువే అనిపించింది. కానీ ఆ రోజు నుంచీ తల ఊపడం మానేసింది. చుట్టాల ముందు ఆయన "కుళాయి నేనే బాగుచేశాను" అంటే, "కాదు, ప్లంబరు చేశాడు" అని కూర తరుగుతూనే అనేది. "మా మేనల్లుణ్ణి నేనే ఇంటర్వ్యూలో గట్టెక్కించాను" అంటే, "వాడు చదివి పాసయ్యాడు" అనేది. కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు. తప్పుపడ్డ అక్షరం దిద్దినట్టు దిద్దేది, అంతే. మెల్లమెల్లగా ఆయనకు చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు. సాయంత్రాలు పేపరు అడ్డం పెట్టుకుని కూర్చోవడం నేర్చుకున్నాడు. ఆవిడ హాల్లో రేడియో పెట్టుకుని, ఒక చెవితోనే హాయిగా పాటలు వినేది.