బస్సు తట్టే చెయ్యి

మదనపల్లె డిపోలో ముప్పై ఒక్క ఏళ్లు కండక్టరుగా పనిచేసి రిటైరైన గంగులయ్యకు తన గురించి చెప్పుకోడానికి ఒకే ఒక్క గొప్ప ఉండేది: కదిలే బస్సులో ఆయన ఏనాడూ పడలేదు. మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా కుప్పం పోయే దారిలో ఏ మలుపు మనిషిని ఎటు విసురుతుందో ఆయన తలకు తెలియకపోయినా నడుముకు తెలుసు. తాగి ఎక్కినవాళ్లను, చంటిబిడ్డలతో ఎక్కినవాళ్లను, పొట్టేళ్లతో ఎక్కుతామని పోట్లాడినవాళ్లను వేలమందిని జాగ్రత్తగా దింపాడు. అలాంటి మనిషి పోయిన శ్రావణంలో పుంగనూరు బస్టాండులో, కదలని నేల మీద, ఒక్క మలుపు కూడా లేని చోట, కళ్లు తిరిగి ఖాళీ టమాటా పెట్టెల మీద కూలబడ్డాడు.

"పెట్టెలకేం కాలేదు" అని ఆయనే అందరికీ ముందుగా చెప్పేవాడు. ఎదుటివాడి కంటే ముందు తానే నవ్వేస్తే ఆ నవ్వులో తనకూ కొంత వాటా దక్కుతుందని ఆయన లెక్క.

కూతురు నవనీత మాత్రం నవ్వలేదు. ఆమె కుప్పంలో ఒక కాలేజీ ఆఫీసులో పనిచేస్తుంది. ఆదివారం మదనపల్లెకు వచ్చి, చెప్పులు విప్పీ విప్పకముందే బ్యాగులోంచి ఒక డబ్బా తీసింది.

"నాయనా, చెయ్యి సాపు."

"ఏందిది?"

"వాచీ. గుండె ఎంత కొట్టుకుంటాందో సూస్తాది. ఎన్నడుగులు ఏసినావో సెప్తాది. నువ్వు పడితే నాకు ఫోన్ చేస్తాది."

"నేను పడితే నేనే చేస్తా గదమ్మా."

"మొన్న చేసినావా? పెట్టెలోళ్లు చేసినారు."

నవనీత అసలు మాట అప్పుడు బయటపెట్టింది. "ఇది కట్టుకుంటే గురువారం బస్సెక్కు. కట్టుకోకుంటే మానుకో. రెండిట్లో ఏదో ఒకటి తేల్చు."

గురువారమంటే గంగులయ్యకు వారంలో మిగతా ఆరు రోజులూ దేనికోసం ఉన్నాయో ఆ రోజు. ఉదయం కుప్పం బస్సు ఎక్కి పుంగనూరులో దిగుతాడు. అక్కడ బస్టాండు వెనక వీధిలో రూబెన్ ఉంటాడు. పంతొమ్మిదేళ్లు గంగులయ్య ఎక్కిన బస్సుకు డ్రైవరు ఆయనే. ఇప్పుడు మోకాళ్లు అరిగి గడప దాటడు. ఇద్దరూ టీ తాగుతూ ఇప్పటి డ్రైవర్లనూ ఇప్పటి కండక్టర్లనూ మధ్యాహ్నం దాకా తిట్టుకుంటారు. అది లేకపోతే గంగులయ్య ఇంట్లో కూర్చుని భార్య బయ్యమ్మను తిట్టాలి. ఆమె తిరిగి తిడుతుంది. కాబట్టి చెయ్యి చాపాడు.

పెళ్లినాటి కీ వాచీ అల్మరాలోకి పోయింది. ఎడమచేతి మీద దాని చోట నల్లటి పలక లాంటిది వచ్చి కూర్చుంది. మొదటి వారమంతా అది ఆయనను మునిసిపల్ ఆఫీసులో పైఅధికారి లాగా చూసింది. గంటకొకసారి వణికి, లేచి నిలబడమంది. ఒకసారి ఊపిరి పీల్చుకోమంది. గంగులయ్య లేచి నిలబడ్డాడు, ఊపిరి పీల్చుకున్నాడు.

"ముప్పైతొమ్మిదేండ్లు నేను సెప్తే లేసినావా?" అంది బయ్యమ్మ. "అది అట్ల వణికితే ఇట్ల లేస్తాండావు."

"అది తిట్టదు మే."

"ఇంకా తెలుగు రాదులే, అందుకని."

ఆమెకూ ఆ వస్తువేమిటో తేల్చుకోవాలనిపించి ఒక మధ్యాహ్నం తన చేతికి కట్టించుకుంది. కట్టుకుని పొయ్యి దగ్గర కూర్చుని సంగటి గెలికింది. తెడ్డు దించి చూస్తే మూడు వందల ఇరవై అడుగులు నడిచినట్టు పడింది. "ఈడ్నే కూసోని కురబలకోట దాకా పోయొచ్చినానే!" అని మురిసిపోయింది. గంగులయ్య పైకి నవ్వాడు గానీ లోపల చిన్నబుచ్చుకున్నాడు. ముందు గురువారం పుంగనూరు పోయేసరికి తన లెక్క నాలుగు వేలు దాటితే, ఈ వయసులో ఎంత నడుస్తున్నానో అని కూతురికి ఫొటో తీసి పంపింది ఆయనే. ఆ నాలుగు వేలూ బస్సు కుదుపులని ఇప్పుడు అర్థమైంది. బస్సు నడిస్తే తాను నడిచాననుకోవడం ఆయనకు కొత్తేమీ కాదు.

అసలు గొడవ ఆ చెయ్యి దగ్గర వచ్చింది.

పాత బస్సుల్లో గంట తాడు తెగిపోతే కండక్టరు ఫుట్‌బోర్డు మీద నిలబడి, కుడిచేత్తో కమ్మీ పట్టుకుని, ఎడమచేత్తో బస్సు రేకును తట్టేవాడు. ఒక దెబ్బంటే ఆపు. రెండంటే పోనీ. గంగులయ్య నాయన జీవితమంతా ఇతరుల చేలల్లో కూలికి పోయినవాడు, ఎవరు కేకేస్తే వాళ్ల దగ్గరకు పరుగెత్తినవాడు. ఆ ఇంట్లో పుట్టినవాడు చెయ్యెత్తి రెండు దెబ్బలు తడితే అంత పెద్ద బండి, లోపల రెడ్లూ సెట్లూ మేస్టర్లూ అందరితో సహా, మాట విని కదిలింది. ఆ మొదటి రోజు సంగతి గంగులయ్య ఎప్పుడూ ఎవరికీ చెప్పుకోలేదు. చెయ్యి మాత్రం మర్చిపోలేదు. రిటైరై ఎనిమిదేళ్లయినా, బస్సు స్టాపులో కాస్త ఎక్కువసేపు ఆగితే, కిటికీలోంచి ఎడమచెయ్యి తానే బయటకు పోయి రెండు తగిలించేది. డ్రైవరు పోనిచ్చేవాడు. అసలు కండక్టరు లక్ష్మీప్రియ టికెట్ మిషను పట్టుకుని వెనక్కి తిరిగి చూసేది.

"ఏమప్పా, డ్యూటీ నీదా నాదా?"

"నీదేనమ్మా. చెయ్యే నాది."

వాచీ కట్టుకున్న రెండో గురువారం ఆ చెయ్యి అలాగే బయటకు పోయింది. టప్ టప్. బస్సు కదిలింది. వాచీ గిలగిలా కొట్టుకుంది. అద్దం మీద ఏవో ఇంగ్లీషు అక్షరాలు, కింద తరిగిపోతున్న అంకెలు. ఆయన జేబులోంచి కళ్లద్దాలు తీసి, పంచె అంచుతో తుడిచి, పెట్టుకుని, 'మీరు గట్టిగా పడినట్టున్నారు, బాగున్నారా?' అని ఉన్నట్టు కూడబలుక్కునేసరికి ముప్పై సెకన్లు అయిపోయాయి. మణికట్టులోంచి నవనీత అరిచింది.

"నాయనా! యాడ పడినావు?"

బస్సంతా తిరిగి చూసింది.

"పడలేదమ్మా. బస్సు తట్టినా."

"బస్సు తట్టేదేంది? నీకేమన్నా ఇంకా జీతమిస్తాండారా?"

ఆ నెలలో నాలుగుసార్లు అలా జరిగింది. నాలుగోసారి అల్లుడు మునిశేఖర్ మోటార్ సైకిలు మీద కుప్పం నుంచి బయలుదేరి సగం దారి వచ్చేశాడు. వెనక్కి పోతూ ఫోన్ చేసి, కోపం అణుచుకుని, "మామా, కుడిచేతికి కట్టుకో, సరిపోతాది" అన్నాడు.

"అది ఆడోళ్లు వాచీ కట్టుకునే చెయ్యి అబ్బోడా."

మునిశేఖర్ ఫోను పెట్టేసి, ఆ సంగతి నవనీతకు వదిలేశాడు. ఆ సాయంత్రమే ఆమె తేల్చి చెప్పింది: "ఇంకొక్కసారి ఉత్తినే మోగితే వాచీ వద్దు, బస్సూ వద్దు. ఇంట్లో కూసో."

తర్వాతి గురువారం గంగులయ్య ఎడమచేతిని తొడ కింద పెట్టుకుని కూర్చుని పుంగనూరు పోయాడు. చిన్నప్పుడు బడిలో కూడా అంత బుద్ధిగా కూర్చోలేదు. రూబెన్ ఆ వాచీని విప్పించుకుని, ఇటు తిప్పి అటు తిప్పి, స్టీరింగు పట్టిన లావుపాటి మణికట్టుకు పెట్టుకోబోయాడు. పట్టీ చాలలేదు.

"సెకన్ల ముల్లు యాడుండాది?"

"ముల్లు లేదన్నా. అంతా అంకెలే."

"మరి టైము పోయేది ఎట్ల కనపడతాది?" అని రూబెన్ కాసేపు దాన్ని చెవి దగ్గర పెట్టుకున్నాడు. "సప్పుడు గూడా లేదే. మా గ్లోరీ నాకొకటి తెస్తానంటాది. నేను పడేదానికి ముందు లేసి నిలబడల్ల గదా, ఆ పనే లేదంటిని." గ్లోరీ ఆయన కోడలు, వంటింట్లోంచి "ఇంటాండా మామా" అంది. రూబెన్ గొంతు తగ్గించాడు. "నీకు పనికొస్తాందా, నిజం సెప్పు."

గంగులయ్య ఆలోచించాడు. ఇది పనికొచ్చింది ఒక్కసారీ లేదు, పరువు తీసింది నాలుగుసార్లు. "గురువారానికి టికెట్టు మాదిరన్నా ఇది" అన్నాడు. "టికెట్టు పనికొస్తాదా లేదా అని ఎవరన్నా అడుగుతారా? లేకుంటే దించేస్తారు."

"జీవితమంతా మందిని దించినోడివి" అన్నాడు రూబెన్, ఎంతో సంతోషంగా.

మధ్యాహ్నం మదనపల్లె బస్సు కోసం గంగులయ్య బస్టాండుకు వచ్చాడు. బస్సు అప్పటికే నిలబడి ఉంది. డ్రైవరు సీట్లో ఉన్నాడు, లక్ష్మీప్రియ కంట్రోలర్ రూములో సంతకం పెట్టడానికి పోయింది. ఎక్కబోతూ ఒక కాలు మెట్టు మీద పెట్టగానే గంగులయ్యకు చెవుల్లో హోరు మొదలైంది. శ్రావణంలో వచ్చిందే. ఈసారి గుర్తుపట్టాడు. కమ్మీ పట్టుకుని, మెల్లగా వెనక్కి దిగి, ప్లాట్‌ఫారం అంచున కూర్చున్నాడు. ఎంత జాగ్రత్తగా కూర్చున్నాడంటే, తాగినవాణ్ణి ఎలా దింపేవాడో అలా తనను తాను దింపుకున్నాడు.

ఒళ్లంతా చల్లటి చెమట. అరుద్దామంటే గొంతు రాలేదు. ఫోను తీసి తాళం తెరిచే గీత గీయబోతే వేలు రెండుసార్లు దారి తప్పింది. పక్కనుంచి మనుషులు పోతూనే ఉన్నారు. బస్టాండులో కూర్చున్న ముసలాయనను ఎవరు చూస్తారు? బస్టాండు ఉండేదే కూర్చోడానికి. ఇన్నేళ్లలో అలా కూర్చున్నవాళ్లను తానెంతమందిని చూడకుండా దాటిపోయాడో ఆయనకు లెక్క లేదు.

వాచీ వైపు చూశాడు. చిన్న కుదుపు కూడా లేకుండా కూర్చున్నాడు కదా, దానికి ఏమీ తెలియలేదు. ఉన్నట్టుండి అది వణికింది. గంగులయ్య ప్రాణం లేచి వచ్చింది. చూస్తే, చాలాసేపటి నుంచి కూర్చునే ఉన్నారు, లేచి నాలుగడుగులు వేయండి అంటోంది.

అంత చెమటలోనూ ఆయనకు నవ్వొచ్చింది. పడనప్పుడు ఎగిరెగిరి ఊరంతా చాటావు, నిజంగా పడినప్పుడు వ్యాయామం చెప్తావా? దీనికి అర్థమయ్యే భాష ఒక్కటే ఉంది. ఆ భాష తనకూ వచ్చు. బస్సు రేకు చేతికందే దూరంలోనే ఉంది. తడితే నవనీతకు పోతుంది. పోతే గురువారం పోతుంది. ఉత్తినే మోగినా పోతుంది, నిజంగా మోగినా పోతుంది. ఇలాగే కూర్చుంటే బహుశా కాసేపటికి తగ్గిపోతుంది, ఎవరికీ తెలియదు. బహుశా తగ్గకపోవచ్చు కూడా.

కళ్ల ముందు బస్సు రంగు పలచబడుతోంది. గంగులయ్య ఎడమచెయ్యి ఎత్తాడు. ఒళ్లంతా కలిపినా లేని బలం ఆ ఒక్క చేతిలో ఉంది. టప్ టప్.

రెండు దెబ్బలంటే పోనీ. డ్రైవరు పోనిచ్చాడు.

కండక్టరు లేకుండా బస్సు బస్టాండు గేటు వైపు సాగిపోతుంటే లక్ష్మీప్రియ కంట్రోలర్ రూములోంచి పరుగెత్తుకొచ్చింది. "ఓల్డాన్! ఆపన్నా! ఎవరు తట్టింది?" అంటూ ఆమె కళ్లు తిన్నగా గంగులయ్య మీదికే వచ్చాయి. ఊర్లో అనుమానించడానికి ఇంకెవరూ లేరు. తిట్టడానికి నోరు తెరిచి, ఆయన ముఖం చూసి, మోకాళ్ల మీద కూర్చుండిపోయింది. మణికట్టు మీద అంకెలు తరుగుతున్నాయి. బాగున్నాను అనే మీట పచ్చగా వెలుగుతోంది. ఆయన దాన్ని నొక్కలేదు. కళ్లద్దాలు తీసే పని కూడా పెట్టుకోలేదు.

"మళ్లా బస్సు తట్టినావా నాయనా?" అంది నవనీత, మణికట్టులోంచి. విసుగుతో గొంతు చదునుగా ఉంది.

"తట్టినానమ్మా" అన్నాడు గంగులయ్య, గాలి లాంటి గొంతుతో. "పడినాను గూడా. ముందు పడినా, తర్వాత తట్టినా."

లక్ష్మీప్రియ ఆ చెయ్యి పట్టుకుని వాచీలోకే గట్టిగా చెప్పింది: "అక్కా, నేను కండక్టర్ని. ఈడనే ఉండాను. ఆటోలో ఆస్పత్రికి తీస్కపోతాండాం."

డాక్టరమ్మ పరీక్ష చేసి, బీపీ మాత్ర ఎక్కువైందని, అది వేసుకున్నాక బీపీ మరీ పడిపోతోందని చెప్పింది. మాత్ర సగానికి తగ్గించింది. అంతే. ఇంత గొడవకూ మూలం సగం మాత్ర అని తెలిసి గంగులయ్య కొంచెం నిరాశపడ్డాడు. ఇంకాస్త పెద్ద జబ్బేదైనా అయ్యుంటే బస్సును పంపించినందుకు డిపోలో అంతగా నవ్వేవాళ్లు కాదు.

సాయంత్రానికి నవనీత మదనపల్లె ఇంటికి వచ్చింది. గురువారం సంగతి ఎత్తుతుందని ఆయన మంచం మీద కళ్లు మూసుకుని నిద్ర నటించాడు. ఆమె పక్కన కూర్చుని, "అయిదోసారి గూడా అబద్ధమనుకున్నా నాయనా" అంది. ఆయన కళ్లు తెరవకుండానే ఎడమచేతి వాచీ విప్పి, కుడిచెయ్యి ఆమె ముందుకు చాపాడు.

"ఆడోళ్ల చెయ్యి గదా?" అంది బయ్యమ్మ, తలవైపు నుంచి.

"ఉండనీ మే. ఆ చేత్తో కమ్మీ పట్టుకుంటా."

రెండు వారాలు గడిచాక గురువారం గంగులయ్య కుప్పం బస్సు ఎక్కాడు. కుడిచేతికి ఆ నల్లటి పలక. ఎడమచేతికి, బోసిగా ఉందని, అల్మరాలోంచి తీసిన కీ వాచీ. లక్ష్మీప్రియ రెండు చేతులూ చూసింది.

"రెండు వాచీలేందప్పా? ఒకటి మదనపల్లె టైము, ఒకటి కుప్పం టైమా?"

బస్సంతా నవ్వింది. మంచి జవాబు ఒకటి ఆయనకు తట్టింది గానీ అప్పటికి బస్సు పుంగనూరు దగ్గరకు వచ్చేసింది. అక్కడ ఒక స్టాపులో ఎవరో గడ్డిమోపు ఎక్కించాలని తగువు పెట్టుకున్నారు. తగువు అయిపోయాక కూడా బస్సు కదల్లేదు. గంగులయ్య లక్ష్మీప్రియ వైపు చూశాడు. ఆమె చూడనట్టు కిటికీ వైపు తిరిగింది.

టప్ టప్.

బస్సు కదిలింది. కుడిచేతి మీద వాచీ కిమ్మనలేదు. రెండు నిమిషాలకు జేబులో ఫోను మోగింది. నవనీత.

"ఏమమ్మా? నేను పడలేదే!"

"తెలుసు" అంది ఆమె. "మోగలేదు గదా అని చేసినా."