తడి ఆరని కుర్చీ

మా మామయ్య ముప్పై ఏళ్లుగా పేము కుర్చీలు అల్లుతున్నాడు. ముప్పై ఏళ్లుగా ఎవరి మాటా వినడం లేదు కూడా. ప్లాస్టిక్ కుర్చీలొచ్చాక పని సగానికి పడిపోయింది. నేల మీద కూర్చుని కూర్చుని మోకాళ్లు అరిగిపోయాయి. అందుకే శిక్షణ కేంద్రంలో అల్లిక నేర్పే ఉద్యోగం ఖాళీ ఉందని తెలియగానే అత్తయ్య నా వెంటపడింది.

“కాలేజీ ఎలాగూ మానేశావు, ఖాళీయే కదా. ఆ దరఖాస్తేదో నింపరా. సంతకం పెట్టించే పూచీ నాది.”

నింపాను. ‘ఒక కుర్చీకి పట్టే సమయం’ అన్న గడి దగ్గర మామయ్య మొండికేశాడు.

“ఎండాకాలమా, వానాకాలమా?”

“ఏదో ఒకటి చెప్పు మామయ్యా.”

“ఏదో ఒకటి చెప్తే అబద్ధమైపోదూ?”

రెండు రోజులని నేనే రాసేశాను.

ఇంటర్వ్యూకి అల్లిన కుర్చీ తెమ్మన్నారు. వారం ముందే తయారైంది, ముచ్చటగా ఉంది. తీరా ముందురోజు మధ్యాహ్నం వెళ్లి చూస్తే బోడి చట్రం మిగిలింది. అల్లికంతా కోసి పారేశాడు.

“ఒక బద్ద తిరగబడింది అల్లుడూ. నున్నటి వైపు కిందికి పోయింది.”

“ఎవరికి కనిపిస్తుంది?”

“నాకు.”

తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. పేము బద్దల్ని నానబెట్టి తడిమీదే అల్లాలి. ఆరేకొద్దీ బిగుసుకుంటాయి. ఒక రోజంతా ఆరకముందే కూర్చుంటే గుంట పడుతుంది, మళ్లీ లేవదు. ఈయన అల్లిక ముగించింది ఇంటర్వ్యూ రోజు పొద్దున.

కేంద్రంలో అధికారి కుర్చీ చుట్టూ తిరిగాడు. “బాగుందే. గట్టిదనం చూద్దాం.”

“తడిగా ఉందండీ. రేపు కూర్చోండి.”

“రేపు ఆదివారమయ్యా!” అని నవ్వి, ప్యాంటు కాస్త పైకి లాక్కుని వంగాడు.

మామయ్య చటుక్కున కుర్చీ లాగేశాడు.

గుమ్మంలో ఉన్న నేనూ, గుమాస్తా చెరో రెక్క పట్టుకుని ఆయన్ని నేల మీంచి లేపాం. మామయ్య మాత్రం కుర్చీని గుండెలకు హత్తుకుని నిలబడ్డాడు.

“క్షమించమను మామయ్యా,” అని గొణిగాను.

“దెబ్బ తగిలిందాండీ?” అన్నాడు పాపం. అక్కడితో ఆగితే బాగుండేది. “కుర్చీకేం కాలేదు లెండి.”

దరఖాస్తు మీద అడ్డంగా గీత పడింది.

కుర్చీ నెత్తిన పెట్టుకుని దారి పొడుగునా తిట్టాను. “నీడలో నడు, ఎండకి బద్ద చిట్లుతుంది,” అన్నాడు. నా తిట్లు ఆయన విన్నదంతే. సంగతి తెలిసి అత్తయ్య అన్నం కంచం ఆయన ముందు ఠంగుమనిపించింది.

మర్నాడు మామయ్య అల్లికను చేత్తో చరిచాడు. డప్పులా మోగింది.

“ఇప్పుడు కూర్చోమను.”

“ఎవర్ని కూర్చోమంటావు? ఎవరున్నారిక్కడ?”

ఒళ్లు మండి నేనే దబ్బున కూలబడ్డాను. కుర్చీ కిర్రుమనలేదు, అంగుళం దిగలేదు. దాంతో ఇంకా మండింది.

లోపల్నుంచి అత్తయ్య గొంతు వినిపించింది. “ఇంకో కేంద్రంలో ఖాళీ ఉందేమో చూడరా. ఈ కుర్చీ మీ మామయ్య చేతికి అందకుండా ఇక నా గదిలో ఉంటుంది. తాళం నా దగ్గర.”