చేతిపంపు నీళ్లకు మూడు అంకెలు

మా పక్కింటి లెక్కల మాస్టారు పోయిన వారం కన్నుమూశారు. ఏం జబ్బో బెజవాడ డాక్టర్లు తేల్చేలోపే అంతా అయిపోయింది. కృత్తివెన్నులో మా రెండిళ్లకీ ఒకటే చేతిపంపు, చుట్టూ రొయ్యల చెరువులు. ఆ నీళ్ల మీద ఆయనకు ఎప్పటినుంచో అనుమానం.

నెలనెలా ఒకటో తారీఖున తెల్ల పింగాణీ కప్పును కండువాతో తుడిచి, నీళ్లు పట్టి కంప్యూటర్ పక్కన పెట్టేవారు. పుస్తకాల పేజీలు కూర్చే లేటెక్ ప్రోగ్రాంలో ‘మట్టి’ అని ఒక రంగు తయారుచేసుకుని, అందులో తెలుపు కలుపుతూ, తెర మీది గడి కప్పులో నీళ్లలా కనిపించేదాకా పాళ్లు మార్చేవారు. నెలకో గడి. మాస్టారికి పిచ్చి ముదిరిందని ఊళ్లో నవ్వుకున్నారు. నేనూ నవ్వాను, దాచడం దేనికి.

బందరులో నాది డీటీపీ షాపు. నీళ్లు పరీక్ష చేయించమని మండలాఫీసుకిచ్చే అర్జీకి ఆ గడుల కాగితం జతచేయాలని నాకు ఫైలిచ్చారు. పేజీ మురిగ్గా ఉందనిపించింది. నా తెలివి తెల్లారినట్టే ఉంది, ‘మట్టి’ రంగును కాస్త లేత చేశాను. గడులన్నీ దాంతో కలిపినవే కదా, ఏడాది నీళ్లూ ఒక్కసారిగా తేటపడ్డాయి. ఆఫీసువాళ్లు కాగితం చూసి, నీళ్లు బాగానే ఉన్నాయిగా మాస్టారూ అని పంపేశారు.

ఆయన నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పక్కన కూర్చోబెట్టుకుని, కలిపిన రంగును ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెలుగా విప్పి చూపే ఆదేశం నేర్పారు. పాత ‘మట్టి’నే తిరిగి పెట్టించి, ప్రతి గడి కిందా మూడేసి అంకెలు రాయించారు.

“పాళ్లు పక్కరంగును నమ్ముకుని బతుకుతాయమ్మా. అంకె ఎవర్నీ నమ్ముకోదు. కన్ను అలవాటు పడిపోద్ది, అంకె పడదు,” అన్నారు.

అంకెలు దిగితే నీళ్ల రంగు ముదిరినట్టు. నెలనెలా దిగుతూనే ఉన్నాయి. రెండో అర్జీతో తిరిగే ఓపిక ఆయనకు లేకపోయింది. ఆ మొదటి అర్జీని పాడుచేసింది నేనే.

నిన్న ఒకటో తారీఖు. వాళ్లింటికి వెళ్తే మాస్టారి భార్య, పిన్నిగారు, మంచినీళ్లిచ్చి కూర్చోమన్నారు. కాసేపటికి, “ఈ నెల గడి నువ్వు పెట్టవా అమ్మా,” అన్నారు.

అదే కప్పు తుడిచి, నీళ్లు పట్టి, రంగు కలిపాను. పోయిన నెల గడికీ దీనికీ నా కంటికి పెద్దగా తేడా తెలియలేదు. అంకెలు విప్పాను. మూడూ దిగాయి. ఇంతకుముందు ఏ నెలా అంత దిగలేదు.

అక్కడే కూర్చుని రెండో అర్జీ మొదలుపెట్టాను. పిన్నిగారిచ్చిన గ్లాసు కీబోర్డు పక్కనే ఉంది. చేతిపంపు నీళ్లే. సగం అప్పటికే తాగేశాను.