తాలుకాయ చూపు

ఆ రోజుల్లో గుంటూరులో నాతో సొంత మాట మాట్లాడే మనిషి ఒక్కరే ఉండేవారు. అది కూడా రోజుకి రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్నీ నా నోటితో నేనే చెడగొట్టుకున్నాను. ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాను గానీ, అప్పుడు ఏడుపొక్కటే తక్కువ.

సింగరాయకొండ దగ్గర పల్లె నుంచి వచ్చి, మిర్చి ఎగుమతి కంపెనీలో కాయ నాణ్యత చూసే ఉద్యోగంలో చేరాను. అదేం పెద్ద విద్య కాదు. టిక్కీలోంచి (మిర్చి బస్తాని యార్డులో అలాగే అంటారు) గుప్పెడు కాయలు తీసి, ఎర్రగా నిగనిగలాడేవాటిని వదిలేసి, తెల్లబారిన తాలుకాయల్ని ఏరి రైతుకి చూపించడమే. మొదటి రోజు ఒక రైతు ముందు "అబ్బ, ఎంత బాగుందండీ కాయ!" అనేశాను. పని నేర్పే బాబాయ్ (అందరికీ ఆయన బాబాయే) నన్ను పక్కకి లాగి, "ఒరేయ్, బాగున్న కాయని పొగిడావా, రేటు పెంచమని పీక మీద కూర్చుంటారు. తాలుంటే చెప్పు, లేకపోతే నోరు మూసుకో. మనం నోరు మూసుకున్నామంటే కాయ బాగున్నట్టే" అన్నాడు. బుద్ధిగా నేర్చుకున్నాను. ఆర్నెల్లకి ఆ చూపు యార్డు దాటి నాతోపాటు గదికి వచ్చేసింది. నా పుట్టినరోజుకి ఫోన్లో పదిమంది శుభాకాంక్షలు పెడితే, పెట్టని ఒక్కణ్ణి తలుచుకుని ఆ పూట అన్నం మానేశాను.

ఆ అన్నం వండింది పిన్ని. మా సందు చివర ఉండే ముస్లిం ఆవిడ, భర్త పోయాక మాలాంటి ఒంటరిగాళ్లకి క్యారేజీలు కట్టి బతికేది. సాయంత్రం ఖాళీ క్యారేజీ ఇచ్చి, నిండుది తీసుకునే ఆ రెండు నిమిషాలే నా లోకం. "ఎట్లా ఉందయ్యా నిన్నటి కూర?" అని అడిగేది. కూర బాగుంటే చెప్పడానికేముంది? యార్డు పద్ధతిలో నోరు మూసుకునేవాణ్ణి. అంతటితో మాట అయిపోయేది. ఒకరోజు "పప్పులో ఉప్పు తగ్గింది పిన్నీ" అన్నాను. ఇంక చూడండి! "తగ్గిందా? నా చేత్తో వేశా! నీ నాలిక చూపించుకో డాక్టరుకి!" అని ఐదు నిమిషాలు దులిపేసింది. గదికొచ్చాక చాలా హాయిగా అనిపించింది. మర్నాడు చారు పలచనైంది. ఆ తర్వాత వంకాయ ఉడకలేదు, గోంగూరలో పులుపు లేదు. (నిజానికి ఆ గోంగూర వేళ్లు కూడా నాకేశాను.)

ఇలా రెండు నెలలు గడిచాయి. ఆవిడ దెబ్బలాడటం తగ్గించిందని నేను గమనించనేలేదు. ఒక సాయంత్రం ఖాళీ క్యారేజీ తీసుకుని, నిండుది ఇవ్వకుండా మెల్లగా అంది. "రేపట్నుంచి వేరే చోట చూసుకో నాయనా. నీ గిన్నెలో ఉప్పు వెయ్యాలంటే నా చెయ్యి వణుకుతోంది."

మూడు రోజులు హోటల్లో తిన్నాను. అక్కడ ఎలా ఉందని అడిగే నాథుడు లేడు. నాలుగో రోజు ఆవిడ గుమ్మంలో నిలబడ్డాను.

"పిన్నీ, మీ వంట బాగుంటుంది."

"బాగుంటే ఇన్నాళ్లూ నోరేమైంది?"

"మా యార్డులో బాగున్న కాయ గురించి మాట్లాడరు పిన్నీ."

"నేను కాయనా?"

ఉన్నమాట కక్కేశాను. "వంక పెడితే మీరు కాసేపు నాతో దెబ్బలాడతారు కదా. ఈ ఊళ్లో నాకింకెవరున్నారు?"

ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుని, "ఆ ముక్క ముందే చెప్పి ఏడవొచ్చుగా. లోపలికి రా" అంది. ఆ రోజు నుంచి క్యారేజీ లేదు. వంటగదిలో చాప మీద కూర్చోబెట్టి వేడివేడిగా వడ్డించేది. ఏడాదిన్నర అలా తిన్నాక, ఆవిడ దాచేపల్లిలో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది.

నేనిప్పుడు బాబాయ్ సీట్లో కూర్చుని కుర్రాళ్లకి తాలు చూపిస్తున్నాను. గది మారింది, అందులో మనిషి మాత్రం ఇంకా ఒక్కడే. ఏడాదిన్నర ఆ చాప మీద తిన్న భోజనాల్లో ఒక్కటీ విడిగా గుర్తు లేదు. "వేరే చోట చూసుకో నాయనా" అన్న మాట మాత్రం ఏ గొంతుతో అందో, అప్పుడు ఆవిడ చేతిలో ఏ గరిటె ఉందో కూడా గుర్తుంది. చూశారా, జ్ఞాపకాల్లో కూడా తాలే ఏరి పెట్టుకున్నాను.

నిన్న పప్పు వండుకున్నాను. ముద్ద నోట్లో పెట్టుకుని, నాకు తెలియకుండానే పైకి అన్నాను, "ఉప్పు తగ్గింది పిన్నీ" అని. నవ్వొచ్చింది. కాసేపు ఆగి చూశాను, ఎవరూ దెబ్బలాడలేదు. నిజానికి ఉప్పు సరిగ్గానే ఉంది.