ఏటి గట్టున మా మేనత్త

గుడియాత్తంలో మా మేనత్త పోయిందని శుక్రవారం పొద్దున పళ్ళికొండలో మా ఇంటికి మనిషి వచ్చి చెప్పినాడు. రాట్నం ముందు నూలు కండెలు చుడుతూనే పక్కకు ఒరిగిందంట. బాధపడకుండా పోయిందన్నారు. అది నిజం కావాలని నా కోరిక.

ఇది వింటున్న మీలో ఆమెను ఎరిగినవాళ్ళు తక్కువ. తల్లి లేని నాకు జడ వేసిందీ, నేత పని నేర్పిందీ, రెండు ఊళ్ళ నడుమ ఉన్న పాలారు దాటించి ఇక్కడికి కాపురానికి పంపిందీ ఆమే.

పాలారు చాలా నెలలు ఉత్త ఇసకే. వానలప్పుడు మాత్రం తోలు కప్పిన గుండ్రటి పుట్టి ఎక్కాల్సిందే. మేనత్త వెంటనే ఎక్కేది కాదు. నీళ్ళ అంచున పుల్ల గుచ్చి, వక్కాకు నములుతూ కూర్చునేది. నీళ్ళు పుల్లను ముంచితే మూట నెత్తికెత్తుకుని వెనక్కి తిరిగేది. ఆమె పెనిమిటిని, మా మామను, ఆ ఏరే తీసుకుపోయింది. ఆ సంగతి ఎప్పుడూ ఎత్తేది కాదు. "రేపు కూడా ఏరు ఈడనే ఉంటాది. మనం ఉండాల గదా" అనేది, అంతే.

తొలి కాన్పుకు నన్ను పిలుచుకుపోవాలని ఆమె బయలుదేరిన పొద్దే ఏరు పొంగింది. ఇక్కడ నాకు నొప్పులు మొదలైనాయి. అవతలి గట్టున పుట్టివాడు, "దాటిస్తా ఎక్కమ్మా" అన్నాడంట. ఆమె గుచ్చిన పుల్ల అప్పటికే మునిగింది.

"వద్దప్పా. నీకూ పెండ్లాం బిడ్డలు ఉండారు" అని, తాటాకు గొడుగు కింద అక్కడే కూర్చునింది.

బిడ్డ పుట్టినాక మా ఆయన ఏటికి పరుగెత్తినాడు. అరుపు అవతలికి వినబడలేదు. రెండు చేతులూ చేర్చి బిడ్డను ఊపినట్టు ఊపి చూపించినాడు. ఆమె లేచి, తనూ అట్లే ఊపిందంట.

నీళ్ళు తగ్గినాక మొదటి పుట్టిలో వచ్చింది.

"రాలేదని కోపమా అమ్మా?"

"గట్టునే ఉండావని చెప్పినారత్తా. ఆ మాట విన్నాకనే నాకు ధైర్యం వచ్చింది."

ఆమె నా పక్కన కూర్చునింది. "పుట్టిలో ఒక కాలు పెట్టినా. మళ్ళా తీసేసినా" అనింది మెల్లగా. తర్వాత వేడినీళ్ళు అడిగి, బిడ్డను కాళ్ళమీద వేసుకుని నూనె రాసింది.

శుక్రవారం, ఇప్పుడు పెద్దదైన ఆ బిడ్డా నేనూ గుడియాత్తానికి నడిచే పోయినాము. ఏట్లో నీళ్ళు లేవు. నడి ఇసకలో ఎవరో తవ్విన చెలమ దగ్గర నా కూతురు వంగి, ఉన్న నీళ్ళన్నీ దోసిట తీసుకుని ముఖం కడుక్కునింది. మేము లేచేసరికి చెలమ అడుగున, ఇసకను కదిలిస్తూ, మళ్ళీ నీళ్ళు ఊరుతున్నాయి.