పందెం కారుకు తీగ చక్రాలు

మా ఆయన నూజివీడులో లారీలకు బాడీలు కట్టే షెడ్డులో పనిచేసేవారు. మామిడి సీజనులో షెడ్డు ముందు లారీలు వరసకట్టి ఉండేవి. ఆయన ఇంటికి వచ్చేది తినడానికీ పడుకోవడానికీ మాత్రమే. వానలు పడి తోటలు ఖాళీ అయ్యాక, పొద్దుండగానే వచ్చేసేవారు. పెళ్ళయిన కొత్తలో ఆ సాయంత్రాలన్నీ నావేననుకున్నాను.

ఎనభైల మొదట్లో మాట ఇది. మా వాటా పక్క గదిలోకి మిషన్ స్కూలు డ్రాయింగ్ టీచరు అద్దెకు దిగింది. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దది. పెళ్ళి కాలేదు. నన్ను వదినగారూ అనీ, మా ఆయన్ని అన్నయ్యగారూ అనీ పిలిచేది. ఆ పిలుపు నాకు ఊరటనివ్వాలి. ఇవ్వలేదు.

ఒకరోజు ఆవిడ స్కూలు స్టోరుగదిలో పడి ఉన్న పాత ఇంగ్లీషు పత్రిక ఒకటి తెచ్చింది. నిండా ఏనాటివో పందెం కార్ల ఫోటోలు. పైన కప్పు లేదు, చక్రాలకు మడ్‌గార్డులు లేవు. ముక్కు పొడుగ్గా, తోక సన్నగా, పక్కన పెద్ద పందెం అంకెతో ఒక్కోటీ చేపలా ఉంది. తోలేవాడు నడుం దాకా బయటికే కనిపిస్తున్నాడు. వెనక మనిషెత్తు దుమ్ము.

"తారు రోడ్డు కాదండీ అన్నయ్యగారూ, ఉత్త మట్టి బాట. దానిమీదే గుండ్రంగా తిరగాలంట," అని కింద రాసింది చదివి చెప్పింది.

"అయితే మన విస్సన్నపేట రోడ్డే!" అన్నారాయన.

ఇద్దరూ నవ్వారు. నేను వంటింట్లోంచి విన్నాను. ఆ మాటకు అంత నవ్వెందుకో నాకు అర్థం కాలేదు.

మర్నాడే మొదలుపెట్టారు. ఫోటోలో కారు పక్కన నిలబడ్డ మనిషి ఎత్తును కొలబద్దగా పెట్టుకుని, అసలు కారులో పన్నెండో వంతుకు టీచరు బొమ్మ గీసింది. మామిడికాయల పెట్టె చెక్కతో ఆయన అచ్చు చెక్కి, దానిమీద డాల్డా డబ్బా రేకును సాగగొట్టారు. టైర్లు నా హవాయి చెప్పుల్లోంచి కోసినవే. పాతవేలెండి, అయినా నన్నొక మాట అడగొచ్చు కదా.

వరండాలో బల్ల వేసుకుని కూర్చునేవాళ్ళు. నేను టీ పెట్టి ఇచ్చేదాన్ని. ఆయన గ్లాసు వైపు చూడకుండానే చెయ్యి చాచి అందుకునేవారు. చూపంతా ఆవిడ కుంచె కొస మీదే. ఆ చూపులో తప్పేమీ లేదని నాకు తెలుసు. తప్పుంటే పోట్లాడేదాన్ని. పనిని మెచ్చుకునే చూపు అది. నేను చేసిన పప్పుచారును గానీ, నేను కుట్టిన దిండుగలీబును గానీ ఆయన ఎన్నడూ అలా చూడలేదు. ఒళ్ళు మండిపోయేది.

మొదటి కారు పూర్తయ్యాక షెడ్డు ఓనరూ, మా వీధివాళ్ళూ చూడటానికి వచ్చారు. "ఇద్దరూ కలిసి ఎంత బాగా చేశారండీ!" అన్నారు అందరూ. ఆ "ఇద్దరూ" అన్న మాట నాకు గొంతులో చేపముల్లులా ఉండిపోయింది.

కానీ ఆ కారులో ఒక లోపం నా కంటికి ఆనింది. ఫోటోలో చక్రాలకు సన్నటి తీగ చువ్వలున్నాయి. వీళ్ళు రేకు బిళ్ళలు కోసి, వాటిమీద రంగుతో గీతలు గీసేశారు. మా నాన్నకు మైలవరంలో మోటార్లు రీవైండింగు చేసే షాపుండేది. రాగి తీగ లాగడం, చుట్టడం, తెగకుండా బిగించడం నాకు చిన్నప్పటి నుంచీ వచ్చు. ఆయన షెడ్డుకు వెళ్ళాక, చేతిగాజంత రేకు చుట్టుకు చిల్లులు పెట్టి, రాగి తీగ అటూ ఇటూ లాగి ఒక చక్రం చేశాను. ఎన్నిసార్లు తెగిందో! బల్లమీద పెట్టి నా పని నేను చేసుకుంటున్నాను.

ఆయన వచ్చి చేతిలోకి తీసుకున్నారు. వేలితో తిప్పారు.

"ఇదెవరు చేశారు?"

"ఇంట్లో ఇంకెవరున్నారు?"

"నీకీ పని వచ్చని చెప్పలేదేం?"

"మీరు అడగలేదేం?"

చక్రం పట్టుకుని, "టీచరుగారూ, ఇలా వచ్చి ఇది చూడండి!" అంటూ పక్కవాటాకు పరిగెత్తారు. నేను చేసింది కూడా ముందు ఆవిడకే చూపించాలి!

ఆవిడ చూసింది. "బాగుందండీ," అంది. ఆ సాయంత్రం బల్ల దగ్గరకు రాలేదు.

మర్నాడు పొద్దున్నే కుళాయి దగ్గర బిందె పెట్టి నా వైపు తిరిగింది. "వదినగారూ, ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీకు ఇల్లుంది, అన్నయ్యగారున్నారు. నాకు బడి వదిలాక ఆ బల్ల దగ్గర కూర్చునే కాసేపే ఉంది. అది కూడా కావాలా మీకు?"

ఆవిడ కూడా నన్ను చూసి కుళ్ళుకుంటోందని అప్పటిదాకా నాకు తట్టనే లేదు. నన్ను చూసి! లేదండీ, మీరే చేసుకోండి అనడం మర్యాద.

"కావాలండీ," అన్నాను.

బిందె నిండి పొర్లుతోంది. ఆవిడ కుళాయి కట్టేసి, "అయితే చక్రాలు మీవి, అంకెలు నావి. సీటు ఎవరు కుడతారో చూద్దాం," అని బిందె ఎత్తుకుంది.

రెండో కారుకు ముగ్గురం కూర్చున్నాం. నా చువ్వలు చూసి ఆవిడ అప్పటికే వేసిన అంకె గీకేసి మళ్ళీ వేసేది. ఆవిడ సీటుకు వేసిన కుట్టు చూసి నేను చుట్టిన చక్రం విప్పి మళ్ళీ చుట్టేదాన్ని. మా ఆయన మాత్రం తెగ మురిసిపోయేవారు. "మీరిద్దరూ ఇంతలా కలిసిపోతారనుకోలేదు," అన్నారొకసారి. మేమిద్దరం తలెత్తలేదు.

ఆ కారు ముందుదాని కంటే ఎంతో బాగా కుదిరింది. తోటలోని ఎర్రమట్టిని జిగురులో కలిపి కింద పూశారాయన. అప్పుడే పందెం నుంచి వచ్చినట్టుంది.

ఏడాది తిరక్కుండానే టీచరుకు మైలవరం బదిలీ అయింది. వెళ్ళేరోజు మా ఆయన ఆ రెండో కారును తువ్వాల్లో చుట్టి ఆవిడ చేతిలో పెట్టారు. నన్ను మాటమాత్రంగానైనా అడగలేదు. నా నాలుగు చక్రాలు! బస్సులో కిటికీ పక్కన దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, "చక్రాలు పదిలంగా చూసుకుంటాను వదినగారూ," అంది. నేను పుట్టి పెరిగిన ఊరికి, తన సొంత ఉద్యోగం మీద, ఎవరినీ అడగకుండా వెళ్ళిపోతోంది. కారు కోసం ఎక్కువ కుళ్ళుకున్నానో ఆ ప్రయాణం కోసమో ఇప్పటికీ తేల్చుకోలేను.

తర్వాత ఆయన బల్ల జోలికి పోలేదు. మూడోది మొదలుపెట్టమంటే, "మనసు రావట్లేదు," అన్నారు. ఆ మాట కారు ఇచ్చేసినదాని కంటే ఎక్కువ గుచ్చుకుంది.

ఇక ఉండబట్టలేక నేనే మొదలుపెట్టాను. చెక్క చెక్కాను. రేకు కొట్టాను. చేతులు కోసుకున్నాను. చక్రాలు ముత్యాల్లా కుదిరాయి గానీ ముక్కు ఓ పక్కకు ఒరిగింది. ఒక సాయంత్రం ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నారు. చేతులు ఊరికే ఉండలేక మోకాళ్ళు రుద్దుకుంటున్నారు.

"ఆ ముక్కు... రెండు దెబ్బలు వేస్తే సరిపోతుంది. నేను వెయ్యనా?"

"ముట్టుకోకండి," అన్నాను.