మైదానానికి వీపు తిప్పిన మనిషి

హాలోవే ఊళ్లో ఉండేది తొమ్మిది వేల మంది. ఊరి కాలేజీ ఫుట్‌బాల్ మైదానం చుట్టూ సీట్లు మాత్రం పన్నెండు వేలు. ఈ లెక్క ఎక్కడ తప్పిందని ఒహాయో నది ఒడ్డున పుట్టినవాళ్లెవరూ అడగరు. శనివారం మధ్యాహ్నమయ్యేసరికి చుట్టుపక్కల పొలాల నుంచి మిగతా మూడు వేల మందీ దిగుతారు, ఇంకో వెయ్యి మంది టికెట్లు దొరక్క కంచె అవతల నిలబడతారు. ఆ జట్టు పేరు కొంగలు. నది అవతల ఉన్న కార్విన్ కాలేజీ వాళ్లు ఆంబోతులు. కొంగకీ ఆంబోతుకీ పోటీ పెడితే ఏమవుతుందో చెప్పడానికి జ్యోతిష్కుడు అక్కర్లేదు. ముప్ఫై అయిదేళ్లలో కార్విన్ మీద కొంగలు గెలిచింది రెండే రెండుసార్లు.

ఆ రెండుసార్లూ వెండెల్ క్రౌచ్ జనం కూర్చునే మెట్ల కింద ఉన్నాడు.

వెండెల్ ఆ ఊరి తపాలా మనిషి. నాలుగో నంబరు రూటు అతనిది. నాలుగువందల పన్నెండు ఉత్తరాల డబ్బాలు, రోజుకి అరవై మైళ్లు. ఏ డబ్బా తలుపు వానకి బిగుసుకుంటుందో, ఏ కుక్క జేబులోని బిస్కెట్టుకి లొంగుతుందో, ఏ కుక్క దేనికీ లొంగదో అతనికి తెలుసు. ఏ ఇంటికి ఆసుపత్రి కవర్లు ఎక్కువయ్యాయో, ఏ ఇంటికి కొడుకు ఉత్తరాలు ఆగిపోయాయో కూడా తెలుసు. తెలిసినదాన్ని కడుపులోనే పెట్టుకున్నాడు. భార్య గ్లెనాకి కూడా చెప్పేవాడు కాదు. ఆవిడ అడిగేదీ కాదు, ఎందుకంటే ఆవిడకి ఊరి సంగతులు క్షౌరశాల ద్వారా ముందే చేరిపోయేవి.

ఉద్యోగం ఖాయమైన ఏడాదే కొంగల ఆటలకి సీజను టికెట్టు కొన్నాడు. ఇరవై రెండో వరస, అంచు సీటు. పక్కన బర్డీ స్టాల్‌కప్, బడిలో వంటమ్మ, నాలుగొందల మంది పిల్లల్ని గరిటె చూపించి వరసలో నిలబెట్టిన మనిషి. ఆవిడకి అవతల క్షౌరశాల డెనిస్. అప్పుడు ముగ్గురికీ జుట్టుండేది.

అంతా బాగానే ఉంది గాని, పంతొమ్మిదేళ్ల కిందట ఒక శనివారం వెండెల్ నాలుగు పావుగంటల ఆటలో ఆఖరి పావుగంటలో మూత్రానికి వెళ్లాడు. అతను లేనప్పుడు కొంగలు పుంజుకున్నాయి. అతను వచ్చి కూర్చోగానే, సరిగ్గా పిర్ర బెంచీకి ఆనగానే, బంతి చంకన పెట్టుకుని పరిగెత్తుతున్న మనవాడి చేతిలోంచి అది జారిపోయింది. ఆ తర్వాత రెండు వారాలూ అదే కథ. ఇక చూసుకోండి. నలుగురూ కలిసి ఒక మనిషిని ఐరన్ లెగ్ అని తేల్చాక దేవుడు దిగొచ్చినా ఆ ముద్ర చెరగదు. బర్డీ తీర్పు చెప్పింది. ఆఖరి పావుగంటలో తేడా ఏడు పాయింట్ల లోపుంటే వెండెల్ లేచి మెట్ల కిందకి వెళ్లిపోవాలి.

అతను వెళ్లాడు. కోపం తెచ్చుకోకుండా వెళ్లాడు, అదే వింత. ఎందుకంటే అందరికంటే ఎక్కువగా ఆ మాట నమ్మినవాడు అతనే. పంతొమ్మిదేళ్లు ఆ కాంక్రీటు కింద, వేడి చాక్లెట్టు అమ్మే కొట్టు పక్కన గోడకి వీపు ఆనించి నిలబడ్డాడు. తల మీద పన్నెండు వేల మంది కాళ్ల చప్పుడు. "నేను తన్నకుండా, పరిగెత్తకుండా పదకొండు ఆటలు గెలిపించాను" అని నవ్వుతూ చెప్పుకునేవాడు. కానీ కార్విన్ మీద గెలిచిన ఆ రెండుసార్లూ పైకప్పు నుంచి సున్నం రాలి టోపీ మీద పడ్డప్పుడు మెట్లెక్కి పరిగెత్తాడు. పైకి చేరేసరికి ఏం జరగాలో అది జరిగిపోయింది. అందరూ ఒకరినొకరు కౌగిలించుకుని ఉన్నారు. తను ఆలస్యంగా వచ్చిన చుట్టంలా నిలబడిపోయాడు.

ఈ వేసవిలో అతనికి గీతలు వంకరగా కనబడటం మొదలైంది. ముందు తలుపు చట్రం వంగింది, తర్వాత టెలిఫోను స్తంభాలు. ఎడమ కంటికి నడిమధ్యలో బూడిద రంగు మసక. పట్నంలో డాక్టరు అద్దాల్లోంచి చూసి, ఎడమది పోయినట్టే, కుడిది మొదలైంది అన్నాడు. అంచులు మిగులుతాయి, నడుమ పోతుంది.

"వచ్చే ఏడాది ఈపాటికి?" అని అడిగాడు వెండెల్.

"నడవగలరు. మనుషుల ముఖాలే కొంచెం కష్టం" అన్నాడు డాక్టరు.

ఇంటికొచ్చి గ్లెనాతో ఒక్కమాటే అన్నాడు. కార్విన్ మీద గెలవడం ఒక్కసారి నా కళ్లతో చూడాలని ఉంది, కానీ నేను చూస్తే గెలవరు. గ్లెనాకి ఫుట్‌బాల్ అంటే గిట్టదు. అయినా ఆ మాటలోని చిక్కు ఆవిడకి అర్థమైంది. నవ్వబోయి ఆగిపోయింది.

ఆ శనివారం నవంబరు చలి ఎముకలు కొరుకుతోంది. బర్డీ తెచ్చిన పంది మాంసం శాండ్‌విచ్‌లు ముగ్గురూ చేతి తొడుగులు తియ్యకుండానే తిన్నారు. మూడు పావుగంటలు గడిచేసరికి కొంగలకి ఇరవై ఒకటి, ఆంబోతులకి ఇరవై. వెండెల్ అలవాటు ప్రకారం టోపీ సర్దుకుని లేచాడు.

"ఏమయ్యా, ఎక్కడికి?" అంది బర్డీ.

"ఎక్కడికేంటి? ఒక్క పాయింటు తేడా."

"కూర్చో."

"బర్డీ, బంతి వాళ్ల చేతికొచ్చింది. నేనిక్కడుంటే..."

"కూర్చోమన్నానా? నిన్న నీ పెళ్లాం ఫోన్ చేసింది."

వెండెల్ కూర్చున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. "ఏం చెప్పింది?"

"అంతా చెప్పింది. ముప్ఫై అయిదేళ్లు నా శాండ్‌విచ్‌లు తిన్నావు. ఊరందరి కబుర్లూ ఇంటింటికీ మోశావు. నీ కబురొక్కటి పక్క సీటు దాకా తేలేకపోయావా?"

డెనిస్ మెడ సాగదీశాడు. "బర్డీ, ఒక్క పావుగంటే కదా. పోనియ్యి. వాడికి అలవాటేగా."

"నువ్వు నోర్ముయ్ డెనిస్."

వెనక వరసలో ముఖానికి నీలం రంగు పూసుకున్న కాలేజీ కుర్రాడొకడు ముందుకి వంగాడు. ఆ వైపు కూర్చునే వాళ్లందరికీ వెండెల్ సంగతి తెలుసు మరి. "తాతగారూ, మీరింకా కిందకి వెళ్లలేదేంటండీ?"

బర్డీ వెనక్కి తిరిగింది. "ఆయన టికెట్టు కొనుక్కొచ్చాడు బాబూ. ఎవరో ఒకరు వెళ్లాలంటే నువ్వెళ్లు. నీ అవతారం చూస్తేనే అపశకునంలా ఉంది."

ఆ తర్వాత జరిగింది చూస్తే ఎవరైనా శకునాలు నమ్ముతారు. ఆంబోతులు తోసుకుంటూ, తొక్కుకుంటూ మైదానం దాటుకొచ్చారు. రెండు నిమిషాలుందనగా వాళ్లవాడు బంతిని మైదానం చివరనున్న నిలువు కర్రల మధ్య నుంచి తన్నాడు. మూడు పాయింట్లు. ఇరవై మూడు, ఇరవై ఒకటి. ఇరవై రెండో వరస చుట్టూ నలభై తలలు వెండెల్ వైపు తిరిగాయి.  

"వెళ్తానే బర్డీ. ఇంకా టైముంది. వదిలెయ్" అన్నాడు అతను. 

బర్డీ అతని కోటు అంచుని ఉడుం పట్టు పట్టుకుంది. ఆవిడ పెదాలు బిగుసుకుపోయి ఉన్నాయి. ఆవిడకి మాత్రం గెలవాలని లేదా? మొగుణ్ణి పూడ్చిన వారం కూడా ఆట మానని మనిషి. "ఓడితే ఓడదాం" అంది. "ఓడటం మనకేమైనా కొత్తా? నువ్వు మాత్రం చూస్తున్నావు. అంతే."

ఆ మాట చుట్టూ ఉన్న వాళ్లందరూ విన్నారు. నీలం ముఖం కుర్రాడు తల దించుకున్నాడు. డెనిస్ ఏదో గొణిగి, చలిలో టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. వెండెల్‌కి ఏడుపొచ్చినంత పనైంది. వీళ్లు తన కోసం కార్విన్ ఆటని వదులుకుంటున్నారు. అంతకంటే పెద్దది వాళ్ల దగ్గర ఏమీ లేదని అతనికి తెలుసు.

అయినా కొంగలు చావలేదు. అయిదు గజాలు, ఎనిమిది గజాలు, ఒకసారి పదిహేడు గజాలు. మూడు సెకన్లు మిగిలాయనగా ఆట ఆగింది. నలభై నాలుగు గజాల దూరం నుంచి తన్నాలి, కర్రల మధ్య పడితే మూడు పాయింట్లు, గెలుపు. తన్నాల్సిన కుర్రాడు ఆ మధ్యాహ్నమే ఇంతకంటే దగ్గర నుంచి తన్ని పక్కకి పారేశాడు. పన్నెండు వేల మంది లేచి నిలబడ్డారు. బర్డీ కోటు వదిలేసి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు వెండెల్ చేసిన పని ఆ ఊరివాడు తప్ప ఇంకెవడూ చెయ్యడు. మూడు నెలలుగా ఏ ఒక్క దృశ్యం కోసం కళ్లు దాచుకున్నాడో ఆ దృశ్యానికి వీపు తిప్పేశాడు. వీళ్లు తన కోసం ఓడటానికి సిద్ధపడ్డారు. అది తీసుకోవడానికి అతనికి చేతులు రాలేదు. మైదానాన్ని వీపు వెనక వదిలేసి, మెట్లు మెట్లుగా పైకి లేచిన జనం వైపు తిరిగి నిలబడ్డాడు. ఎవరూ గమనించలేదు. అందరి చూపూ అతని తల మీదుగా వెళ్తోంది.

చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం. అంత జనంలో అంత నిశ్శబ్దం అతను కాంక్రీటు కింద ఎన్నోసార్లు విన్నాడు గాని, అది ఎలా ఉంటుందో చూడటం ఇదే మొదలు. అందులో సగం ముఖాలు అతనికి తెలిసినవే. అన్నీ నాలుగో నంబరు రూటు. ఇరవై ఏళ్లుగా పలకరిస్తే మారు పలకని మిసెస్ హాస్ రెండు బొటనవేళ్లూ పిడికిళ్లలో దాచుకుని చిన్నపిల్లలా మునివేళ్ల మీద నిలబడింది. కంచె తగాదాలో ఒకే గుంజ మీద రెండు డబ్బాలు విడివిడిగా పెట్టుకున్న రింకర్ అన్నదమ్ములు పక్కపక్కనే ఉన్నారు. ఆసుపత్రి కవర్ల ఇంటి ఆయన, గాలికే ఊగేంత సన్నబడిపోయిన ఆయన, ఎవరి సాయమూ లేకుండా నిలబడ్డాడు.

వెనక తన్నిన చప్పుడు. ఆ ముఖాలన్నీ ఒక్కసారిగా పైకి లేచాయి. బంతి ఎక్కడుందో వెండెల్‌కి వాళ్ల కళ్లలో తెలిసింది. పైకెళ్తోంది, ఇంకా పైకి, కొంచెం కుడికి, అయ్యో కుడికే. నోళ్లు తెరుచుకున్నాయి. టంగున శబ్దం వచ్చింది. బంతి కర్రకి కొట్టుకుంది. పన్నెండు వేల మందీ ఊపిరి బిగబట్టారు. ఆ ఒక్క క్షణంలో ఎవరి ముఖంలోనూ వయసు లేదు, డబ్బు లేదు, పగ లేదు. అందరూ ఒకే ప్రశ్న అడుగుతున్నట్టున్నారు.

జవాబు ఎడమ చివర నుంచి వచ్చింది. కర్రల దగ్గరున్న వాళ్లకి ముందు తెలిసింది. అక్కడ మొదలైన ఆనందం మొక్కజొన్న చేను మీద గాలిలా వరస వరసనీ ఊపుకుంటూ అతని దాకా పాకింది. ఆ తర్వాత లేచిన అరుపుకి కాళ్ల కింద బెంచీలు వణికాయి. ఆసుపత్రి ఆయన తల వెనక్కి వాల్చి ఆకాశంలోకి నవ్వాడు. రింకర్ అన్నదమ్ములు ఒకరి మెడ ఒకరు వాటేసుకుని ఏడుస్తున్నారు. రేపు పొద్దున మళ్లీ ఆ కంచె దగ్గర తిట్టుకుంటారు, అది వేరే సంగతి. మిసెస్ హాస్ ఎదురుగా కనబడ్డ తపాలా మనిషి రెండు బుగ్గలూ పట్టుకుని ముద్దు పెట్టేసింది. కుర్రకారు అతన్ని రెండు పక్కల నుంచీ ఒరుసుకుంటూ, కట్టలు తెగిన నీళ్లలా మైదానంలోకి దూకుతున్నారు. ఇన్నేళ్లూ తన తల మీద మోగింది ఇదా, అనుకున్నాడు వెండెల్. ఇంత ఉందా ఇందులో! చర్చిలో కూడా అతనికి అంత భయభక్తులు కలగలేదు. రెప్ప వేస్తే ఏది పోతుందోనని కళ్లు మంటలెక్కే దాకా అలాగే చూశాడు. కుడి కన్ను చూడగలిగినంతా చూసింది.

బర్డీ అతని భుజం పట్టుకుని తిప్పుకుంది. ముఖమంతా కన్నీళ్లు, కాటుక, చీమిడి. "చూశావా? కర్రకి తగిలి లోపలికి పడింది. నువ్వు చూస్తుండగానే గెలిచాం. పోయిందయ్యా నీ పీడ. చూశావు కదా?"

చూశానంటే సరిపోయేది. పంతొమ్మిదేళ్ల ముద్ర చెరిగిపోయేది. కానీ వెండెల్ ఆవిడతో ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు.

"బంతిని చూడలేదు బర్డీ. ఇటు తిరిగి నిలబడ్డాను. మిమ్మల్నందరినీ చూశాను."

బర్డీ నోరు తెరిచింది. డెనిస్ కూడా. ఆవిడకి విషయం ఎక్కడానికి కొంచెంసేపు పట్టింది. ఎక్కాక అతని గుండెల మీద ఒక్కటేసింది. "ఓరి నీ మొహం మండా! సరే, అలా అయితే గెలుస్తామన్నమాట. వచ్చే ఏడాది కూడా ఇలాగే మా వైపు తిరిగి..."

అక్కడ ఆగిపోయింది. డాక్టరు మాట గుర్తొచ్చినట్టుంది. ఆవిడ ముఖంలో నవ్వు అలాగే ఉండి, కళ్లు మాత్రం మారాయి. అది కూడా వెండెల్ చూశాడు.

"నిలబడతాను" అన్నాడు. "ఎవరెవరు ఎలా ఉన్నారో నువ్వు చెబుదువుగాని."

"పన్నెండు వేల మందినా?" అంది బర్డీ, ముక్కు చీదుకుంటూ.

"తొందరేముంది," అన్నాడు వెండెల్. "మిసెస్ హాస్‌తో మొదలుపెట్టు."